ఏటేటా పెరిగిన నీళ్లు

ప్రతి గురువారం సూరత్‌లో మా భేస్తాన్ గల్లీలోకి ఎండుచేపల ఆమె వస్తుంది. నెత్తిమీద గంప, గంపలో కర్రపుల్లల్లా బిగుసుకుపోయిన బుంలా చేపలు. ఆమె రాకడ మా బిల్డింగులో అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది. ఆమె ఇంకా రైలుపట్టాల అవతల ఉండగానే "సూకా బుంలా" అన్న కేక నా చెవిన పడుతుంది. నా కోడలు నమ్మదు. "మామయ్యా, మీరు గడియారం చూసి చెప్తున్రు" అంటుంది. గడియారంతో నాకేం పని? నాకు అరవై తొమ్మిదేళ్లు. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డాను. అయినా సూది కింద పడితే వినిపించే చెవులు నావి. సూది సంగతి కొంచెం పెంచాను, గరిటె అనుకోండి. ఏదైనా, నా ఈడు మగ్గాల మనుషుల్లో ఇలాంటి చెవులున్నవాడు ఈ చుట్టుపక్కల లేడు. మిగతావాళ్లందరూ టీవీ పక్కన కూచొని, అది మూగబోయిందని తిడుతుంటారు. కేక తర్వాత గంప మలుపు తిరుగుతుంది, అప్పుడు వాసన వస్తుంది. ఉప్పు, ఎండ, కుళ్లు మూడూ కలిసిన వాసన. కోడలు కిటికీ మూస్తుంది. నేను లేచి వరండాలోకి పోయి కూచుంటాను. నా చెవులు, ఆ వాసనతో నాకున్న సంబంధం, రెండూ ఒకే మనిషి నుంచి వచ్చాయి. ఆయన పేరు రాజేశం. కాకా అని పిలిచేవాణ్ణి.

కరీంనగర్ జిల్లా నుంచి సూరత్ వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మా వైపు మరమగ్గాన్ని సాంచా అంటారు. మా ఊళ్లో ఒక్క సాంచా ఆడితే వీధంతా తెలిసేది. ఇక్కడ ఒకే రేకుల కప్పు కింద డెబ్బై. తలుపు తీయగానే ఎవరో రొమ్ము మీద రెండు చేతులా తోసినట్టయింది. అది చప్పుడని కూడా అనిపించలేదు. రాజేశం కాక ఆ కార్ఖానాలో మాస్టర్. అంటే సాంచా చెడితే బాగుచేసేవాడు, కొత్తవాళ్లకు పని నేర్పేవాడు. సన్నని మనిషి, పొట్టి, బనీను మీద ఎప్పుడూ నూనె మరకలు. నన్ను చూడగానే పేరు కూడా అడగలేదు. జేబులోంచి మెడికల్ షాపు దూది చుట్ట తీసి, ఇంత తుంచి, రెండు వేళ్ల మధ్య నలిపి, నా గడ్డం పట్టుకొని తల పక్కకు తిప్పి, ఒక చెవిలో దోపాడు. తర్వాత రెండో చెవిలో. పశువుకు మందు పోసినట్టే.

ఆ సాయంత్రం బయట చాయ్ బండి దగ్గర అడిగాను, "నీ చెవులల్ల దూది లేదేంది కాకా?" అని. ఆయన నా పెదవుల వైపు చూశాడు. రెండోసారి అడిగించుకున్నాడు. "నేను పెట్టుకుంటే సాంచ మాట ఎట్ల ఇనాలెరా. ఏ బోల్టు ఒదులైందో, ఏ బెల్టు తెగుతదో, అదే చెప్తది. ఇని ఇని ఇప్పుడు అదొక్కటి గూడ సరిగ ఇనవడ్తలేదు." అని నవ్వాడు. "నీకు గా ఖర్మ ఎందుకు? నువ్వు మాస్టర్ అయితవా ఏంది?" నేను పదేళ్లలో మాస్టర్నయ్యానని చాలామందికి చెప్పాను. కాలేదు. ఎనిమిది సాంచాలు నడిపే కార్మికుడిగా చేరాను, పన్నెండు సాంచాలు నడిపే కార్మికుడిగా దిగిపోయాను. దూది మాత్రం ఒక్కరోజూ మానలేదు. మానితే ఆయన ఊరుకునేవాడు కాదు. రోజూ పాళీ, అంటే షిఫ్టు, మొదలయ్యే ముందు వచ్చి చూపుడువేలితో నా చెవి తడిమి చూసి పోయేవాడు.

ఆయన నేర్పిన రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. చేరిన వారంలో నా సాంచాలో నాడె, అంటే దారం మోస్తూ అటూ ఇటూ ఉరికే చెక్క, ఇరుక్కుంది. పడుగు పోగులు చెదిరిపోతున్నాయి. రాజేశం కాక అటువైపు తిరిగి వంగి ఉన్నాడు. ఇక్కడినుంచే "కాకా, కాకా" అని అరిచాను. గుండెలు పగిలేలా అరిచాను. ఆయన కదల్లేదు. పోగులన్నీ పోయాక ఎవరో పోయి ఆయన భుజం తట్టారు. ఆయన వచ్చి, తెగిన పోగులు చూసి, నన్ను బయటికి తీసుకుపోయి చెంప మీద ఒక్కటిచ్చాడు. "ఇది అరిచే జాగనా? ఈడ అందరు చెవిటోల్లే. ఇడ్సిపెట్టి నడిచి రావాలె. ముట్టాలె. చెవి పోయినోనికి భుజమే చెవి. మల్ల ఒక్కసారి దూరంకెల్లి మొత్తుకున్నవంటే, నువ్వు పిలువనట్టే లెక్క." తర్వాత అరగంట కూచోబెట్టి తెగిన పోగు అతికే ముడి నేర్పాడు. చిన్న ముడి, లాగిన కొద్దీ బిగుసుకునేది. ఆ చెంపదెబ్బ ఎడమవైపు. ఆ ముడి ఇప్పటికీ కళ్లు మూసుకొని వేస్తాను. ఇందులో పెంచింది ఏమీ లేదు.

కార్ఖానాలో మాటలు లేవు గనుక సైగలుండేవి. మంచినీళ్లకు ఒకటి, సేఠ్ వస్తున్నాడని ఒకటి, సేఠ్ మీద తిట్టుకు నాలుగు. అన్నిటికన్నా ఎక్కువ వాడేది ఒకటుంది. కుడి అరచేత్తో ఛాతీ మీద రెండుసార్లు తట్టుకొని, ఆ చేతినే బయటికి ఊపడం. నేను చూసుకుంటా, నువ్వు పోయి రా, అని. ఒకడు చాయ్‌కో దొడ్డికో పోవాలంటే పక్కవాడు అతని సాంచాలు కూడా చూడాలి. ఆ సైగ చేసినవాడు మాట ఇచ్చినట్టే. జ్వరం వచ్చి నేను గోడకు ఒరిగిపోయిన రోజున రాజేశం కాక తన పనితో పాటు నా ఎనిమిది సాంచాలూ పాళీ అయ్యేదాకా చూశాడు. నేను లేవబోయినప్పుడల్లా దూరం నుంచి ఛాతీ మీద తట్టుకునేవాడు. ఈ సైగ గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆయన భార్య లక్ష్మి. నాకు చిన్నమ్మ. ఇంట్లో దారం కండెలు చుట్టేది. ఆయన్ను పిలవాలంటే చేతిలో ఏముంటే దానితో భుజం మీద ఒకటి వేసేది. జాలిగంటె, విసనకర్ర, చాట. "ఇంట్ల సప్పుడు లేదు, సల్లగున్నది అంటడు సత్తిగా. నేను పొద్దంత వొర్లుతనే ఉంట. ఈయనకు సల్లగనే ఉంటది మరి" అనేది నాతో. ఆయన ఆమె పెదవులు చూస్తూ నవ్వేవాడు. బట్టను చూస్తే ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా కట్టుకున్న గుడ్డ అంచు రెండు వేళ్లతో నలిపి ఇది ఏ నూలో చెప్పేది. కొత్తవాళ్లు సిగ్గుపడేవారు.

రాజేశం కాకకు దగ్గు ముదిరింది. చెవులు పూర్తిగా పోయాయి. సాంచా ఇనుము మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి జబ్బు కనిపెట్టేవాడు. ఇక చాలు, ఊరికి పోతామని ఇద్దరూ అనుకున్నారు. సామాను కట్టారు. అప్పుడు ఆయనకొక కోరిక పుట్టింది. ముప్ఫై ఏళ్లు సూరత్‌లో ఉన్నాడు, గంట దూరంలో సముద్రం, ఒక్కసారీ చూడలేదు. కరెంటు కోత ఉన్న రోజు కార్ఖానాకు సెలవు. మా పక్క ఊరి మనిషి హజీరాలో కంపెనీ బస్సు నడిపేవాడు. పొద్దుటి పాళీ వాళ్లను దింపే బస్సులో మమ్మల్ని ఎక్కించుకుంటానన్నాడు, అక్కడినుంచి దగ్గర్లో ఒక పాత చేపల ఊరుందని చెప్పాడు. నేను ఆ ప్రయాణం కోసం కొత్త ప్యాంటు కుట్టించాను. లేత బూడిద రంగు టెర్రీకాటన్. కత్తిలా నిలబడే మడతతో ఇస్త్రీ చేయించాను. సముద్రానికి పెళ్లికొడుకులా పోయాను.

చిన్నమ్మ రాలేదు. జొన్నరొట్టెలు, కారంపొడి మూటకట్టి నా చేతికిచ్చింది. "సత్తిగా, ఆయనను ఇడిసి దూరం పోకు. ఎనుకకెల్లి ఏ బండొచ్చినా ఇనవడదు." అంది. "నాకు తెల్వదా చిన్నమ్మా, ఇరవై ఏండ్లసంది సూస్తున్న" అన్నాను. "తెలుసు. అందుకే నీకు చెప్తున్న." అంది.

ఆ ఊరి పేరు రాయను. వాళ్ల తప్పు ఏమీ లేదు. ఒకప్పుడు తెల్లవాళ్ల ఓడలు అక్కడ లంగరు వేసేవట. సగం కూలిన రాతిగోడ ఉంది. ఇసుకలో కూరుకుపోయిన ఫిరంగి ఉంది, దానికి పడవల తాళ్లు కట్టారు. ఎవరో దొర సమాధి గుమ్మటం ఉంది, దాని మీద వలలు ఆరేశారు. ఊరి చుట్టూ వెదురు పందిళ్లు, తాళ్ల మీద వేలకొద్దీ బుంలా చేపలు జంటలు జంటలుగా వేలాడుతూ. నేను జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. రాజేశం కాక ఆ చేపల కింద తిరుగుతూ, "పడుగు ఆరేసినట్టే ఉన్నది గదరా" అన్నాడు.

గుమ్మటం నీడలో ఒక ముసలి జాలరి చిరిగిన వల బాగుచేస్తూ కూచున్నాడు. చేతిలో దారం చుట్టిన చిన్న చెక్క. అచ్చం మా నాడెకు తమ్ముడిలా ఉంది. రాజేశం కాక ఆయన ముందు గొంతుక్కూచున్నాడు. ఎంతసేపు చూశాడో. తర్వాత చెయ్యి చాపి దారం అడిగాడు. తెగిన రెండు కొసలు తీసుకొని మా ముడి వేశాడు. ముసలాయన లాగి చూశాడు, మళ్లీ లాగాడు, తన ముడి వేసి పక్కన పెట్టాడు. రెండూ ఒకటే. రవ్వంత తేడా లేదు. ఆయన గుజరాతీలో ఏదో అన్నాడు, కాక తెలుగులో ఏదో అన్నాడు, ఎవరికీ ఎవరిదీ అర్థం కాలేదు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఇరవై ఏళ్లలో కాక ముఖం మీద అంత నవ్వు నేను చూడలేదు. "నీళ్లల్ల గూడ ఆగుతదారా మన ముడి" అన్నాడు నాతో. "సూడాలె."

అప్పుడు సముద్రం వెనక్కి పోయి ఉంది. చూపు ఆనినంత దూరం తడి బురద. ఆ బురదలో దూరంగా వరసగా గుంజలు, గుంజలకు వలలు. మేము చెరువులు చూసి పెరిగినవాళ్లం. నీళ్లు వెనక్కి పోయాయంటే ఎండాకాలమని అర్థం. మళ్లీ రావాలంటే వానలు పడాలి. ఎండిన చెరువులో అడ్డంగా నడిచి పక్క ఊరికి పోయేవాళ్లం. సముద్రం రోజుకు రెండుసార్లు పోయి రెండుసార్లు వస్తుందని ఆయన ముప్ఫై ఏళ్ల, నా ఇరవై ఏళ్ల సూరత్ బతుకులో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. వల గుంజల దగ్గర ముడులు ఎట్లా ఆగుతున్నాయో చూస్తానని కాక చెప్పులు విడిచి నడిచాడు. వెంట నేనూ పోయాను. బురద చీలమండలు దాటింది. నా ప్యాంటు గుర్తొచ్చింది. కింద రెండు మడతలు పైకి చుట్టి, గట్టి ఇసుక దిబ్బ ఒకటి కనిపిస్తే అక్కడ ఆగిపోయాను. కాక వెనక్కి చూడకుండా పోతూనే ఉన్నాడు.

ఇక్కడినుంచి నేను పాతికేళ్లు చెప్పిన కథ ఒకటుంది. ముందు అది వినండి. పోటు వచ్చింది. కాక బురదలో కూరుకున్నాడు. నేను ఉరికాను. నీళ్లు మోకాళ్లు, నడుము, మెడ దాకా వచ్చాయి. చెయ్యి చాపాను, వేళ్లకు వేళ్లు తగిలాయి. కాక నన్ను చూసి, ఛాతీ మీద రెండుసార్లు తట్టుకొని, చెయ్యి బయటికి ఊపాడు. నేను చూసుకుంటా, నువ్వు పో. అల వచ్చి విడదీసింది. ఈ కథ చాయ్ బండి దగ్గర ఎన్నిసార్లు చెప్పానో. విన్నవాళ్లు నాకు చాయ్ పోయించేవారు. కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం దొంగది కాదు.

జరిగింది ఇది. ఒడ్డు నుంచి కేక వినిపించింది. "పాణీ ఆవే ఛే, పాఛా ఆవో." నీళ్లొస్తున్నాయి, వెనక్కి రండి. ఆ ముసలి జాలరి లేచి నిలబడి పైపంచె ఊపుతున్నాడు. చాలా దూరం నుంచి, గాలికి ఎదురుగా వచ్చిన కేక అది. మా కార్ఖానా వాళ్లు ఇంకెవరున్నా వాళ్లకు వినిపించేది కాదు. నాకు వినిపించింది, ఇరవై ఏళ్లు ఆయన దోపిన దూది వల్ల. సముద్రం వైపు తిరిగి చూస్తే బురద అంచున సన్నటి మెరుపు గీత. అది నిలబడి లేదు. నాకూ ఒడ్డుకూ మధ్య, వచ్చేటప్పుడు నీళ్లు లేని కాలువలోకి అప్పుడే నీళ్లు జారుతున్నాయి. కాక నాకు అటువైపు, వీపు ఇటు పెట్టి, వల మీదికి వంగి ఉన్నాడు. మా మధ్య రెండు వందల అడుగులని చెప్పేవాణ్ణి. నలభై. ఎక్కువలో ఎక్కువ నలభై అడుగులు. "కాకా" అని అరిచాను. మూడుసార్లు అరిచాను. అరుస్తున్నప్పుడే నాకు తెలుసు, అది పిలవనట్టే లెక్క అని. చెంప మీద కొట్టి మరీ నేర్పాడు. పోయి ముట్టాలి. ఇనుమైతే అదురుతుంది, ఆయన అరచేతికి చెప్తుంది. బురద ఏమీ చెప్పదు. నేను కాలువ వైపు చూశాను, ఆయన వీపు వైపు చూశాను. ఒడ్డుకు ఉరికాను. కాలువలో నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. అంతే. మళ్లీ వెనక్కి తిరగలేదు. ఒడ్డెక్కాక తిరిగితే ఆ దిబ్బ లేదు, నేలంతా నీళ్లే, గుంజల పై కొసలే కనిపిస్తున్నాయి. ఇద్దరు జాలర్లు పడవ దించి పోయారు. మర్నాడు నీళ్లు దిగాక గుంజల దగ్గర, వలలో దొరికాడు. ముడులు ఊడలేదు.

ఆ సాయంత్రమే నేను ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. జాలర్లు ఇంకా వెతుకుతున్నారని చెప్పాను గానీ చిన్నమ్మకు అర్థమైంది. కట్టిపెట్టిన సామాను మూటల మధ్య కూచొని ఉంది. నేను ఆమె ముందు కూలబడి కథ చెప్పాను. అప్పటికి నీళ్లు నా నడుము దాకానే వచ్చాయి. మెడ దాకా తర్వాతి ఏళ్లలో పెరిగాయి. ఆమె ఏడవలేదు. "మొత్తుకున్నవా?" అని అడిగింది. "గొంతు పోయేదాక మొత్తుకున్న చిన్నమ్మా." ఆమె చెయ్యి నా మోకాలి మీదికి వచ్చింది. ప్యాంటు గుడ్డను రెండు వేళ్లతో నలిపింది. ఓదారుస్తున్నదనుకున్నాను. "ఆయనకు ఇనవడదు గద బిడ్డా" అంది. దినాలయ్యాక ఊరికి పోయింది.

నేను ఎన్నో ఏళ్లు ఆమె దగ్గరికి పోలేదు. ఊరికి పోయినా ఆ దారిన పోయేవాణ్ణి కాదు. పోయినేడు పోయాను. ఆమె గడప దగ్గర కూచొని ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. కళ్లు సరిగా లేవు, వేళ్లు మాత్రం ఆగలేదు. నన్ను గొంతుతో గుర్తుపట్టింది. నిజం చెప్పడానికే పోయాను. నోరు తెరిచేలోపే ఆమె అంది, "నీళ్లు ఇప్పుడు యాడిదాక వచ్చినయిరా సత్తిగా? మా మేనల్లుడు సూరత్‌కెల్లి వచ్చిండు. మెడదాక అని చెప్పిండు. యేటేటా పెరుగుతున్నయి ఆ నీళ్లు."

నేను తల వంచుకున్నాను. "ఆ దినం నీ ప్యాంటు ముట్టి సూసిన" అంది. "కింద బురద. మోకాలు కాడ ఇస్త్రీ మడత అట్లనే ఉండె. నీళ్లల్ల తడిసిన టెర్రీకాటను నాకు తెల్వదా?"

"తెలిసి ఎందుకు అడుగలె చిన్నమ్మా?"

"అడిగితే ఏం చెప్తవు?" బీడీకి దారం చుట్టి, చివర గోటితో నొక్కింది. "భయమైంది, ఉరికినవ్. నేనైనా ఉరుకుదునో ఏమో. తిట్టుకున్న. శానా ఏండ్లు తిట్టుకున్న నిన్ను. గని ఒక్క ముచ్చట అడుగుత. ఆయన ఎనుకకు తిరిగి, గిట్ల చేసిండని చెప్పినవ్." పొగాకు పట్టి గోధుమరంగు తిరిగిన అరచేత్తో ఛాతీ మీద రెండుసార్లు తట్టుకొని, చెయ్యి బయటికి ఊపింది. కార్ఖానాలో ఒక్కరోజూ పనిచేయని మనిషి. ఎన్నిసార్లు చేసుకుంటే చెయ్యి అట్లా తిరుగుతుందో నాకు తెలుసు. "మిగతది ఇడిసిపెట్టు. అదన్న నిజమేనా?"

ఆయన తిరగలేదు. నేను చూసినంతవరకు వీపే. తిరిగాడో లేదో, తిరిగి నా కోసం చూశాడో, అది నాకు తెలియదు. నేనే అప్పుడు చూడటం లేదు. అది చెప్పడానికే అన్ని మైళ్లు పోయాను.

"నిజమే చిన్నమ్మా" అన్నాను.

ఆమె ఇంకో ఆకు తీసుకుంది. పొగాకు పరిచింది. "మంచిది" అంది. చాయ్ పెట్టమని లోపలున్న తన కోడల్ని కేకేసింది.

మొన్న ఎండాకాలంలో చిన్నమ్మ పోయింది. ఇది ఆమె చదవదు, బతికున్నా చదవలేకపోయేది. అందుకే రాశానేమో, నా ధైర్యం ఎప్పుడూ అంతవరకే. గురువారం కేక వినిపిస్తుంది, వరండాలోకి పోతాను. మా మనవడు అక్కడ చెవుల్లో వైర్లు పెట్టుకొని ఫోను చూస్తూ కూచుంటాడు. కోడలు చాయ్ పెట్టి, "కూసున్నకాడికెల్లే పిలవండి మామయ్యా, ఇంటడు" అంటుంది. నేను పిలవను. నా కుర్చీ నుంచి వాడి దాకా పదకొండు అడుగులు. మోకాళ్లు నొప్పి, గోడ పట్టుకొని పోతాను. పోయి భుజం ముడతాను.